దగ్గరి బడి, దూరపు ఇల్లు: లొరేన్ హాన్స్‌బెరీ నాటకంలో జాతి వేర్పాటు

ప్రస్తావన

అమెరికా నల్లజాతి సాహిత్యంతో తెలుగు పాఠకుల పరిచయం చాలావరకు బానిసత్వ గాథల ద్వారా ఏర్పడింది. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ఆ గ్రంథం తెలుగునాట విస్తృతంగా చదవబడింది. ఓడ అడుగున గొలుసులు, వేలంపాట, కొరడా, పారిపోవడం, పట్టుబడటం వంటి దృశ్యాల ద్వారానే నల్లజాతి వేదన మన ఊహలో స్థిరపడింది. అయితే అమెరికాలో బానిసత్వం 1865లో చట్టరీత్యా రద్దయింది. ఆ తర్వాతి శతాబ్దంలో నల్లజాతీయులు అనుభవించిన అణచివేతలో గొలుసు, కొరడా అంత స్పష్టంగా కనిపించవు. దాని సాధనాలు రైలుపెట్టె, బడి, ఇంటి దస్తావేజు, అప్పు పత్రం, వార్డు పటం. ఈ సాధనాలను సాహిత్యం ఎలా పట్టుకుందన్న ప్రశ్న మన విమర్శలో తగినంత చర్చకు రాలేదు.

లొరేన్ హాన్స్‌బెరీ రచించిన ‘ఎ రెయిజిన్ ఇన్ ద సన్’ నాటకాన్ని ఆ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1959 మార్చి 11న న్యూయార్క్‌లోని ఎథెల్ బారిమోర్ రంగశాలలో ఈ నాటకం తొలి ప్రదర్శన జరిగింది. ఒక నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కడం అదే మొదలు. సాధారణంగా దీన్ని ఒక కుటుంబం ఇల్లు కొనుక్కునే కథగా, వాయిదా పడిన కలల కథగా చదువుతారు. ఇందులో ఇల్లు, బడి విడదీయరాని ఒకే సమస్య అనీ, బడిలోని వేర్పాటుకు మూలం ఇంటి చిరునామాలో ఉందని న్యాయస్థానాలు ఒప్పుకోని సత్యాన్ని ఈ నాటకం ముందే గుర్తించిందనీ ప్రతిపాదించడం ఇక్కడి ప్రయత్నం.

పరిభాష: వివక్ష, వేర్పాటు

చర్చకు ముందు ఒక పరిభాషా సమస్యను ప్రస్తావించాలి. అమెరికాలో జాతుల్ని వేరుగా ఉంచిన వ్యవస్థను గురించి రాసేటప్పుడు తెలుగులో ‘జాతి వివక్ష’, ‘వర్ణవివక్ష’ అనే మాటలే ఎక్కువగా వాడుతున్నాం. దక్షిణాఫ్రికా పాలనావిధానానికీ, అమెరికా బడుల్లోని వేర్పాటుకూ, ఒక ఉద్యోగికి జరిగిన అన్యాయానికీ అదే మాట సరిపెడుతున్నాం. వివక్ష అంటే తేడా చూపడం. అది చూసేవాని దృష్టికి, మనస్సుకు సంబంధించిన మాట. మనస్సు మారితే వివక్ష పోతుందన్న సూచన అందులో ఉంది. మనుషుల్ని వేర్వేరు స్థలాల్లో నిలిపి ఉంచే ఏర్పాటు అందుకు భిన్నమైనది. దానికి మనస్సులో ద్వేషం ఉండనక్కరలేదు. హద్దులు ఉంటే చాలు.

‘వేర్పాటు’ అనే మాటకూ ఒక చిక్కుంది. మన రాజకీయ వ్యవహారంలో ‘వేర్పాటువాదం’ అంటే విడిపోవాలని తామే కోరుకునేవారి వాదం. ఇక్కడ వేరైనవారు కోరి వేరు కాలేదు. కాబట్టి ఈ వ్యాసంలో ‘జాతి వేర్పాటు’ అన్నప్పుడు ఒక జాతిని మరొక జాతి చట్టంతోనో, ధనంతోనో, బలంతోనో విడి స్థలంలో ఉంచడమనే అర్థాన్నే గ్రహించాలి. ఈ భేదం కేవలం నిఘంటుకారుల పని కాదు. ఏ మాట వాడతామన్నదానిని బట్టి నాటకంలోని ప్రతినాయకుడు ఎవరో మారిపోతాడు.

టోపెకా, షికాగో: ఒకే న్యాయం, రెండు ఫలితాలు

1896లో ప్లెసీ వర్సెస్ ఫెర్గుసన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు రైలుపెట్టెల్లో జాతుల్ని వేరుచేసే లూసియానా చట్టాన్ని సమర్థించింది. సౌకర్యాలు సమానంగా ఉన్నంతవరకు వేరుగా ఉంచడం రాజ్యాంగ విరుద్ధం కాదన్న ఆ సూత్రం క్రమంగా బడులకూ విస్తరించింది. 1954 మే 17న బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ నాయకత్వంలోని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, బడుల విషయంలో ఆ సూత్రం చెల్లదని తీర్పిచ్చారు. నల్లజాతి పిల్లల పక్షాన వాదించిన న్యాయవాదుల్లో ముఖ్యుడు థర్గుడ్ మార్షల్. బొమ్మల సాయంతో పిల్లల మనోభావాలను పరిశీలించిన కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతుల పరిశోధన కూడా ఆ వాదనకు తోడ్పడింది.

ఈ కేసుకు పేరిచ్చిన బ్రౌన్ కుటుంబం కాన్సాస్ రాష్ట్రంలోని టోపెకా పట్టణానికి చెందింది. వారి కుమార్తె లిండాకు ఇంటికి దగ్గరలోనే సమ్నర్ పాఠశాల ఉంది. అది శ్వేతజాతి పిల్లల బడి. అందుచేత ఆమె దూరంలోని మన్రో పాఠశాలకు వెళ్లవలసి వచ్చింది. అంటే టోపెకాలో న్యాయం కోరడమంటే ‘దగ్గరి బడి’ని కోరడం. ఇల్లు ఉన్నచోటే ఉంది. బడి తలుపే మూసి ఉంది. ఆ తలుపు తెరిస్తే చాలు.

ఈ న్యాయాన్నే షికాగో నగరానికి అన్వయిస్తే ఫలితం తలకిందులవుతుంది. పిల్లలను రంగును బట్టి వేరుచేయాలన్న చట్టం అక్కడ లేదు. ప్రతి బిడ్డా తన పేటలోని బడికే వెళ్లాలన్నది అక్కడి సాధారణ నియమం. కాని పేటలు అప్పటికే జాతులవారీగా విడిపోయి ఉన్నాయి. దక్షిణ షికాగోలో నల్లజాతీయులు కిక్కిరిసి నివసించిన ప్రాంతంలో బడులూ కిక్కిరిశాయి. టోపెకాలో ఏ ‘దగ్గరి బడి’ హక్కుగా నిలిచిందో, షికాగోలో అదే ‘దగ్గరి బడి’ గోడగా మారింది.

ఆ గోడ వెనుక చదువు ఎలా ఉండేదో హాన్స్‌బెరీ తన స్వీయ రచనల్లో స్వయంగా చెప్పింది. స్థలం చాలక అక్కడి ప్రాథమిక పాఠశాలలు పిల్లలను రెండు జట్లుగా విభజించి పూటకొక జట్టుకు చదువు చెప్పేవి. మనకు ‘ఒంటిపూట బడి’ అంటే ఎండాకాలపు వెసులుబాటు. ఆమెకు అది బాల్యమంతటి అనుభవం. నగరం నిర్దేశించిన చదువులో సగమే తనకు దక్కిందని ఆమె లెక్కకట్టింది. 1963 అక్టోబరు 22న రెండు లక్షలకు పైగా విద్యార్థులు షికాగో బడులను బహిష్కరించడానికి కారణం కూడా ఇదే. పక్క పేటల్లోని శ్వేతజాతి బడుల్లో ఖాళీలుండగా, నల్లజాతి బడుల ఆవరణల్లో చక్రాల మీది తాత్కాలిక గదులు నిలిపి పిల్లలను అక్కడే ఉంచడాన్ని వారు నిరసించారు. బ్రౌన్ తీర్పు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు దాటింది.

అద్దె వసూలు, విద్యాదానం: రిచర్డ్ రైట్

హాన్స్‌బెరీకి ముందే షికాగోలో ఇల్లు, బడి సంబంధాన్ని చూపిన నవల రిచర్డ్ రైట్ రాసిన ‘నేటివ్ సన్’ (1940). ఎలుకలు తిరిగే ఒంటిగది ఇంట్లో తల్లి, చెల్లి, తమ్ముడితో ఉండే బిగర్ థామస్ ఆ నవలా నాయకుడు. వారానికి ఎనిమిది డాలర్ల అద్దె. అతణ్ని కారు డ్రైవరుగా పనిలో పెట్టుకునే శ్వేతజాతి ధనికుడు డాల్టన్. ఆ అద్దె చివరకు చేరేది ఈ డాల్టన్ వాటాలున్న స్థిరాస్తి సంస్థకే. అదే డాల్టన్ నల్లజాతి విద్యాసంస్థలకు భారీ విరాళాలిస్తాడు. పేటలోని యువకుల క్లబ్బుకు పింగ్‌పాంగ్ బల్లలు పంపుతాడు. నల్లజాతీయులకు నిర్ణీత ప్రాంతంలో తప్ప మరెక్కడా ఇళ్లు ఎందుకు అద్దెకివ్వరని విచారణలో ప్రశ్నించినప్పుడు, అది వాడుక అన్నదే అతని సమాధానం.

ఈ పాత్ర కల్పనలో రైట్ చూపిన సూక్ష్మదృష్టి గమనించదగింది. డాల్టన్ దుర్మార్గుడు కాడు. నల్లజాతి పిల్లలు చదువుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకునే మనిషి. కాని వారి బడికి తానిచ్చే సొమ్ము వారి ఇళ్ల నుంచి తాను పిండిన సొమ్మే. వివక్ష అన్న మాట ఇతని విషయంలో పనిచేయదు. అతని దృష్టిలో తేడా లేదు. అతని ఆదాయంలో ఉంది. ‘నేటివ్ సన్’లో ఇది పక్క అంశం. నవల నడక హత్య, పరారీ, విచారణల మీదుగా సాగుతుంది. ఆ పక్క అంశాన్ని కేంద్రానికి తెచ్చిన ఘనత పందొమ్మిదేళ్ల తర్వాత హాన్స్‌బెరీది. ఆమె నాయకుడు వాల్టర్ లీ కూడా ఒక శ్వేతజాతీయుని కారు డ్రైవరే కావడం ఈ వారసత్వాన్ని గుర్తుచేస్తుంది.

రచయిత్రి జీవితంలోని దస్తావేజు

1930లో జన్మించిన లొరేన్ హాన్స్‌బెరీ తండ్రి కార్ల్ హాన్స్‌బెరీ షికాగోలో స్థిరాస్తి వ్యాపారి. 1937లో ఆయన శ్వేతజాతీయుల పేటలో ఒక ఇల్లు కొన్నాడు. ఆ పేట ఇళ్ల యజమానులు తమ ఆస్తులను నల్లజాతీయులకు అమ్మరాదనీ, అద్దెకివ్వరాదనీ పరస్పరం రాసుకున్న ఒప్పందం అప్పటికే ఉంది. ఇంటి మీద అల్లరిమూక దాడి చేసింది. కిటికీలోంచి విసిరిన ఇటుక ముక్క బాలిక లొరేన్‌కు తృటిలో తప్పింది. తండ్రి కోర్టు పని మీద దూరంగా ఉన్న రాత్రుల్లో తల్లి పిస్తోలు పట్టుకుని ఇల్లు కాచింది. బడికి వెళ్లి వచ్చే దారిలో తన మీద ఉమ్మడం, తిట్టడం, కొట్టడం నిత్యకృత్యమని 1964లో రాసిన ఒక లేఖలో రచయిత్రి గుర్తుచేసుకుంది. ఇంటి కోసం జరిగిన పోరాటపు దెబ్బలు బడి దారిలో తగలడం ఆమె తొలి అనుభవం.

ఇల్లినాయి న్యాయస్థానాలు ఆ కుటుంబానికి వ్యతిరేకంగా తీర్పిచ్చాయి. 1940లో హాన్స్‌బెరీ వర్సెస్ లీ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాని కారణం వేరు. పాత వ్యాజ్యంలో ప్రాతినిధ్యం లేనివారిని ఆ తీర్పు కట్టిపడేయలేదన్న విచారణ పద్ధతికి చెందిన అంశం మీదే కోర్టు ఆగింది. అటువంటి ఒప్పందాలు న్యాయమా అన్న ప్రశ్నను ముట్టుకోలేదు. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ తీర్పు వచ్చేవరకు వాటిని న్యాయస్థానాల ద్వారా అమలు చేయించుకునే వీలు ఉండనే ఉంది. ఆ తీర్పును చూడకుండానే కార్ల్ హాన్స్‌బెరీ 1946లో మెక్సికోలో మరణించాడు. గెలిచిన కేసు తన తండ్రికి ఏమీ మిగల్చలేదన్న భావన కూతురిలో చివరివరకు ఉంది.

రంగస్థలం మీద లేని బడి

నాటక కథ సరళమైనది. దక్షిణ షికాగోలోని ఇరుకింట్లో యంగర్ కుటుంబం ఉంటుంది. పెద్దదిక్కు లీనా, కొడుకు వాల్టర్ లీ, కోడలు రూత్, మనవడు ట్రావిస్, వైద్యం చదవాలనుకునే కూతురు బెనీథా. మరుగుదొడ్డి ఇతర కాపురాలతో ఉమ్మడి. ట్రావిస్ పడక ముందుగదిలోని సోఫా మీదే. లీనా భర్త మరణం వల్ల పదివేల డాలర్ల బీమా సొమ్ము వస్తుంది. అందులో మూడువేల ఐదువందలు తొలి చెల్లింపుగా కట్టి, క్లైబోర్న్ పార్క్ అనే శ్వేతజాతీయుల పేటలో ఆమె ఇల్లు కొంటుంది. మిగిలిన సొమ్మును, బెనీథా చదువుకు మూడువేలు తీసి ఉంచమని చెప్పి, కొడుకు చేతికిస్తుంది. అతడు మద్యం దుకాణం వ్యాపారమంటూ మొత్తం ఒక మిత్రునికి అప్పగించి మోసపోతాడు. ఇంతలో పేట సంఘం తరఫున కార్ల్ లిండ్నర్ అనే వ్యక్తి వచ్చి, ఇల్లు వదులుకుంటే పెట్టినదానికన్న ఎక్కువ ఇస్తామంటాడు. సొమ్ము పోయిన నిస్పృహలో వాల్టర్ అందుకు సిద్ధపడి, చివరి క్షణంలో నిరాకరిస్తాడు. కుటుంబం కొత్త ఇంటికి బయలుదేరుతుంది.

ఈ కథలో ఒక్క తరగతి గది కూడా కనిపించదు. అయినా నాటకం ప్రారంభమయ్యేది బడితోనే. బడికి యాభై సెంట్లు కావాలని ట్రావిస్ అడుగుతాడు. లేవని తల్లి చెబుతుంది. తండ్రి అభిమానానికి పోయి అడిగినదాని మీద మరో యాభై సెంట్లు కలిపి ఇచ్చి, ఆ తర్వాత తన పని దారి ఖర్చుకు భార్యనే చేయి చాచి అడుగుతాడు. చిన్న సన్నివేశమే. కాని బిడ్డ బడి ఖర్చు, తండ్రి కూలి దారి ఖర్చు ఒకే జేబులోంచి రావాలన్న వాస్తవాన్ని అది మొదటి అంకంలోనే స్థాపిస్తుంది.

రెండవ అంకంలో సొమ్ము చేతికందిన రాత్రి వాల్టర్ కొడుకుతో తన భవిష్యత్ స్వప్నాన్ని చెబుతాడు. ఏడేళ్ల తర్వాతి ఆ ఊహలో తోటమాలి ఉన్న ఇల్లుంటుంది. ఆ ఇంట్లో పదిహేడేళ్ల ట్రావిస్ నేల మీద కూర్చుని, దేశంలోని గొప్ప కళాశాలల వివరపత్రాలు చుట్టూ పరచుకుని ఉంటాడు. ఏది కావాలంటే అది ఎంచుకోమని తండ్రి అంటాడు. విమర్శకులు ఈ ప్రసంగంలో తోటమాలినీ కార్లనూ చూసి, వాల్టర్‌ది మధ్యతరగతి భోగలాలస అన్నారు. కాని ఆ స్వప్నానికి కేంద్రం కారు కాదు, బడిని ఎంచుకునే హక్కు. ఆ హక్కు ఇంటి తర్వాతే వస్తుందని వాల్టర్‌కు తెలుసు. అతని ఊహలో మొదట ఇల్లు, ఆ తర్వాతే కొడుకు చదువు. ఈ వరుసక్రమం యాదృచ్ఛికం కాదు. ఈ ప్రసంగం చేస్తున్నప్పుడు అతని అధీనంలో ఉన్నది చెల్లెలి చదువు సొమ్ము కూడా కావడం ఇందులోని విషాదం. కొడుకు బడి కోసం చెల్లెలి బడిని అతడు పణంగా పెడుతున్నాడు.

నాటకాంతంలో కుటుంబానికి ఇల్లు మిగులుతుంది. బెనీథా ఫీజు సొమ్ము పోతుంది. ఇంటి వాయిదాలు కట్టడానికి ఇంట్లో నలుగురు పెద్దలూ పని చేయాలని రూత్ పట్టుబడుతుంది. ఇల్లు దక్కించుకోవడానికి బడిని వాయిదా వేసుకోవలసిన స్థితిలో తెర పడుతుంది. దీన్ని సుఖాంతమనడం సాధ్యం కాదు.

లిండ్నర్ చేతిలోని చెక్కు

నాటకంలో కనిపించే ఏకైక శ్వేతజాతి పాత్ర కార్ల్ లిండ్నర్. అతడు నెమ్మదస్తుడు, మాట తడబడేవాడు, మర్యాద తెలిసినవాడు. తమ సంఘానికి జాతి ద్వేషం లేదనీ, ఎవరి సమాజంలో వారుంటే అందరికీ సుఖమన్నదే తమ అభిప్రాయమనీ అతడు చెప్పుకుంటాడు. ఇదంతా కపటమేనని చాలామంది వ్యాఖ్యానించారు. కపటం కాకపోతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. లిండ్నర్ నిజాయితీపరుడనే అనుకుందాం. అతడు చేసే పనిలో మార్పేమీ రాదు. సంఘం, సమావేశం, తీర్మానం, చెక్కు ఉన్నచోట ద్వేషం అవసరం లేదు. ముందు ప్రస్తావించిన పరిభాషా భేదం ఇక్కడ అక్కరకొస్తుంది. నాటకాన్ని వివక్ష గురించిన రచనగా చదివితే లిండ్నర్ మనస్సును తీర్పు తీర్చి ఊరుకుంటాం. వేర్పాటు గురించిన రచనగా చదివితే అతని సంఘాన్ని పరిశీలించవలసి వస్తుంది.

అతడు డబ్బుతోనే ఎందుకు వచ్చాడు? రెండవ ప్రపంచయుద్ధానికీ 1959కీ మధ్య ఏదో ఒక కాలంలో కథ జరుగుతుందని రంగసూచన చెబుతుంది. 1948 తీర్పు తర్వాత నిషేధ ఒప్పందాలను కోర్టు ద్వారా అమలు చేయించే దారి మూసుకుపోయింది. కార్ల్ హాన్స్‌బెరీ మీద పొరుగువారు దావా వేశారు. యంగర్ కుటుంబం దగ్గరకు పొరుగువారు చెక్కు పంపారు. ఈ మార్పులో ఒక చరిత్ర ఇమిడి ఉంది. చట్టం తప్పుకున్నచోట ధనం ప్రవేశించింది. ధనం కూడా విఫలమైతే ఏమవుతుందో పొరుగింటి జాన్సన్ పాత్ర సూచిస్తుంది. శ్వేతజాతి పేటలో నల్లజాతి కుటుంబం ఇంటి మీద బాంబు పడ్డ వార్తను ఆమె పత్రికలో చూపుతుంది. చట్టం, ధనం, బాంబు అనే మూడు సాధనాలనూ హాన్స్‌బెరీ నాటకంలో అమర్చింది.

అయితే జాన్సన్ సన్నివేశం తొలి బ్రాడ్‌వే ప్రదర్శనలో లేదు. తర్వాతి ముద్రణల్లోనే అది పాఠకులకు అందింది. బాంబు లేని ప్రదర్శన చూసిన ప్రేక్షకులకు చివరి ప్రయాణం విజయయాత్రగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. నాటకం మీద వచ్చిన ఆక్షేపణల్లో కొన్నిటికి ఈ పాఠభేదమే కారణం.

ఆక్షేపణలు, పరిమితులు

1959లో న్యూయార్క్ నాటక విమర్శకుల బహుమతి ఈ నాటకానికి లభించింది. శ్వేతజాతి విమర్శకుల్లో పలువురు దీన్ని జాతితో నిమిత్తం లేని సార్వత్రిక కుటుంబ కథగా మెచ్చుకున్నారు. ఆ మెప్పు సమస్యను మాటున పడేసింది. బీమా సొమ్ముతో ఇల్లు కొనే కుటుంబం ఎక్కడైనా ఉండవచ్చు. కాని ఆ ఇల్లు కొనవద్దని వారికే ఎదురు డబ్బు ఇవ్వజూపడం సార్వత్రికం కాదు. మరోవైపు హెరాల్డ్ క్రూజ్ 1967లో ఈ నాటకాన్ని మధ్యతరగతి కలిసిపోయే తత్త్వానికి ప్రతీకగా తీవ్రంగా విమర్శించాడు. మొదట్లో అదే అభిప్రాయంతో ఉన్న అమిరి బరాకా 1980లలో దాన్ని మార్చుకుని, ఈ నాటకం నల్లజాతి సామాన్యుల ఆకాంక్షనే పలికిందని అంగీకరించాడు.

క్రూజ్ ఆక్షేపణకు సమాధానం నాటకంలోనే ఉంది. క్లైబోర్న్ పార్క్ ఎందుకని కొడుకు, కోడలు అడిగినప్పుడు లీనా చెప్పే కారణం శ్వేతజాతీయుల పొరుగు మీద మోజు కాదు. నల్లజాతీయుల కోసమని దూరంగా కట్టే ఇళ్ల ధర రెండింతలు. తక్కువ సొమ్ముకు దొరికిన మంచి ఇల్లు ఇదేనని ఆమె అంటుంది. కలిసిపోవాలన్న కోరిక ఇందులో లేదు, లెక్క ఉంది. వేర్పాటు అంటే రెండు సమానమైన పేటలు పక్కపక్కన ఉండటం కాదనీ, లోపల ఉంచినవారి నుంచి ఎక్కువ వసూలు చేసే ఏర్పాటనీ ఆ గృహిణి లెక్క తేల్చింది. డాల్టన్ అద్దె గురించి రైట్ చెప్పిందీ ఇదే.

అయినా నాటకానికి ఒక పరిమితి ఉంది. తొలి చెల్లింపు పోగా మిగిలిన ధరకు అప్పు ఎవరిచ్చారన్న విషయం ఇందులో లేదు. 1930ల నుంచి గృహరుణాలకు హామీ ఇచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ తన మదింపు నియమావళిలో, నిషేధ ఒప్పందాలున్న పేటలను సురక్షితమైనవిగా పరిగణించమని సూచించింది. పొసగని జాతుల పిల్లలతో కలిసి చదవవలసివచ్చే పేటకు విలువ తగ్గుతుందని కూడా హెచ్చరించింది. ఇల్లు ఏదో, బడి ఏదో ప్రభుత్వ రుణ విధానమే కలిపి చూసింది. నగర పటాల మీద నల్లజాతి పేటలకు ఎర్రరంగు వేసి అప్పుకు పనికిరానివిగా గుర్తించింది మరొక ప్రభుత్వ సంస్థ. లిండ్నర్ సంఘం ఈ పెద్ద యంత్రంలో చిన్న పళ్లచక్రం మాత్రమే. ఆ యంత్రాన్ని రంగస్థలం మీదికి తీసుకురావడం వాస్తవికవాద కుటుంబ నాటక శిల్పానికి సాధ్యం కాలేదు. ఫలితంగా నైతిక భారమంతా వాల్టర్ ఒక్కని నిర్ణయం మీద పడింది. కొడుకు ఎదుట నిలబడి, ఈ దేశంలో తమ కుటుంబానికి తన కొడుకు ఆరో తరమని అతడు చెప్పే ఘట్టం మహోన్నతమే. కాని ఒక మనిషి ఆత్మగౌరవం గెలిచినంత మాత్రాన పటం మీది రంగు మారదు.

చరిత్ర ఆ సంగతిని ధ్రువపరిచింది. 1968లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. కాని 1974లో డెట్రాయిట్ నగరానికి సంబంధించిన మిలికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో సుప్రీంకోర్టు, నగర శివార్లలోని బడులను నగరంలోని బడులతో కలిపి జాతి సమతౌల్యం సాధించే ప్రణాళికను ఐదుగురికి నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో తిరస్కరించింది. వేర్పాటులో శివార్ల పాలు రుజువు కానిదే వాటి హద్దులు దాటకూడదన్నది ఆ తీర్పు సారాంశం. ఇరవయ్యేళ్ల కింద బ్రౌన్ కేసు వాదించి గెలిచిన థర్గుడ్ మార్షల్, అప్పటికి న్యాయమూర్తిగా ఉండి, భిన్నాభిప్రాయం రాశాడు. లిండ్నర్ గీయాలనుకున్న గీతకు ఇప్పుడు పాలనా హద్దు అన్న గౌరవం లభించింది.

తెలుగు విమర్శకు ఎదురయ్యే ప్రశ్నలు

కులాన్నీ జాతినీ ఒకే త్రాసులో తూచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రెండింటికీ వేర్వేరు చరిత్రలున్నాయి. అయినా అణచివేతకు స్థలమే ఆధారమన్న గ్రహింపు తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ తన నవలకు పెట్టిన ‘మాలపల్లి’ అన్న పేరే ఒక స్థలాన్ని సూచిస్తుంది. దళిత కవిత్వంలో ‘వెలివాడ’ ఒక భౌగోళిక వాస్తవంగానూ, చారిత్రక అభియోగంగానూ నిలిచింది. 1946లో అంబేద్కర్ డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు లేఖ రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతీయులు సమర్పించిన వినతిపత్రం ప్రతిని కోరడం ఈ రెండు పోరాటాల మధ్య ఉన్న ఎరుకకు సాక్ష్యం. ఇంత సంప్రదాయం ఉండి కూడా నల్లజాతి సాహిత్యాన్ని చర్చించేటప్పుడు మనం ‘వివక్ష’ దగ్గరే ఆగిపోవడం, మన భాషకున్న స్థలస్పృహను మనమే వదులుకోవడం అవుతుంది.

రెండవ ప్రశ్న ప్రవాస సాహిత్యానికి సంబంధించింది. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఇల్లు కొనేముందు ఆ ప్రాంతపు బడి ఎటువంటిదో చూసుకోవడం పరిచితమైన విషయమే. బిడ్డల చదువు కోరే తల్లిదండ్రుల్లో అది సహజం. వాల్టర్ లీ కోరిందీ అదే. అయితే మంచి బడి ఉన్న పేట, లేని పేట అన్న భేదం ప్రకృతి ఇచ్చింది కాదు. ఒప్పందాలు, రుణపటాలు, తీర్పులు దాన్ని తీర్చిదిద్దాయి. అక్కడి బడులకు స్థానిక ఆస్తిపన్ను ఒక ప్రధాన ఆదాయం కావడం వల్ల ఇంటి విలువ బడి విలువగా తరతరాలకూ బదిలీ అవుతున్నది. ఆ హద్దులకు ఇవతల స్థిరపడిన కుటుంబాల కథలు చదివేటప్పుడు, ఆ హద్దుకు ముందున్న చరిత్ర కథలో ఉందా, లేక సుఖమైన నేపథ్యంగా మాత్రమే మిగిలిందా అని విమర్శకుడు అడగవలసి ఉంది. ప్రవాస కథను నిందించడం ఈ ప్రశ్న లక్ష్యం కాదు. ఆ కథ నిలబడిన నేలను గుర్తించడం దీని లక్ష్యం.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. బడిలోని వేర్పాటును బడి తలుపు దగ్గర పరిష్కరించవచ్చునన్న 1954 నాటి విశ్వాసం టోపెకా వంటి చోట్ల సరిపోయినా, షికాగో వంటి నగరాల్లో సరిపోలేదనీ, ఆ లోపాన్ని ‘ఎ రెయిజిన్ ఇన్ ద సన్’ ఇంటి కథగా మలిచి చూపిందనీ మొదటిది. లిండ్నర్, డాల్టన్ వంటి పాత్రలను ద్వేషం ప్రమాణంగా కాక, వారు నిలిపి ఉంచే హద్దుల ప్రమాణంగా అంచనా వేయాలన్నది రెండవది. రుణ వ్యవస్థను రంగస్థలం మీదికి తేలేకపోవడం నాటక శిల్పానికి పరిమితి అయినా, లీనా వేసిన ఇంటి లెక్కలోనూ, ట్రావిస్ అడిగిన యాభై సెంట్లలోనూ ఆ వ్యవస్థ ఫలితం దాగకుండా కనిపిస్తుందన్నది మూడవది.

ముప్పైనాలుగేళ్ల వయసులో, 1965లో మరణించిన హాన్స్‌బెరీ తన నాటకంలోని కుటుంబం క్లైబోర్న్ పార్క్‌లో అడుగుపెట్టిన తర్వాత ఏమైందో రాయలేదు. ట్రావిస్ ఆ పేట బడిలో చేరాడా, అక్కడ అతని పక్కన ఎవరు కూర్చున్నారన్న ప్రశ్నను నాటకం ప్రేక్షకులకే వదిలింది. 1959లో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగల స్థితిలో దేశం లేదు. నల్లజాతి సాహిత్యాన్ని ‘ఏడు తరాలు’ ద్వారా చేరదీసిన తెలుగు పాఠకులు వాల్టర్ లీ చెప్పిన ఆరో తరం కథను కూడా చదువుకోవలసి ఉంది. గొలుసు తెగిన తర్వాత హద్దు ఎలా పుట్టిందో అందులో తెలుస్తుంది.